పక్షుల ఊళ్లు: కాపరులు, సందర్శకులు

వానకాలపు వరి కోతకు వచ్చి, రాత్రులు చలి ముదురుచున్న దినములలో మన సదాశివనగరము పరిసరముల చెరువులపై క్రొత్త పక్షులు వ్రాలుట మన పల్లెలలో అందరు ఎరిగినదే. కామారెడ్డి మీదుగా ఎల్లారెడ్డి దారి పట్టి పోచారము చెరువు చేరినవారికి ఈ దృశ్యము మరింత విస్తారముగా కనబడును. తెల్లని తలపై రెండు నల్లని పట్టెలు గల పెద్దబాతులు అచ్చట నీటి అంచున మేయుచుండును. ఇవి టిబెట్టు, మంగోలియా, లడఖ్ ప్రాంతములలోని ఎత్తైన సరస్సులలో పిల్లలను పెంచి, హిమాలయములను దాటి దక్షిణమునకు వచ్చు పక్షులు. ఇంత దూరము ఎగిరి వచ్చిన అతిథికి మన చెరువుగట్టున దొరకు ఆదరణ ఏపాటిది? ఆ ఆదరణను ఎవరు నేర్పిరి? ఎవరు నిలిపిరి? ఈ ప్రశ్నలకు చరిత్ర ఇచ్చు సమాధానమును శ్రోతలకు మనవి చేయుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

పోచారము చెరువు 1916, 1922 సంవత్సరముల నడుమ ఆలేరు వాగునకు అడ్డముగా ఆనకట్ట కట్టగా ఏర్పడినది. దానిని చుట్టియున్న అడవి నిజాము ప్రభువుల వేటపట్టు. ఆ వేటపట్టే కాలక్రమమున సుమారు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమైనది. నిన్న తుపాకి పేలిన చోట నేడు లేళ్లు, దుప్పులు పెరుగు కేంద్రమున్నది. పిల్లలను తీసికొనివచ్చు కుటుంబములు వానిని చూచి సంతోషించుచున్నవి. వేటకై కాచిన అడవి చూపుటకై కాచు అడవిగా మారుట ఒక్క పోచారమునకే చెందిన కథ కాదు. లోకములోని పెక్కు అభయారణ్యముల పుట్టుక ఇట్టిదే. కాని సముద్రతీరమునందలి పక్షుల ఊళ్ల కథ మాత్రము దీనికి భిన్నము. అక్కడ కాపలా ప్రభువులతో మొదలు కాలేదు, పల్లెలతో మొదలైనది. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆ కథనే.

అయినను మన ప్రాంతమునకు చెందిన ఒక సంగతి చెప్పక ముందుకు సాగరాదు. 1931-32లో నిజాము రాజ్యమందలి పక్షులను గూర్చి ఒక క్రమమైన పరిశీలన జరిగినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పక్షమున దానిని నడిపినవాడు సాలిం అలీ. ఆనాటికి ఆయనకు స్థిరమైన ఉద్యోగము లేదు. మకాములకు, ప్రయాణములకు అయ్యెడి ఖర్చు సంస్థానము భరించినచో చాలునని, తన పనికి వేతనము అక్కరలేదని ఆయన ముందుకు వచ్చెను. అమరాబాదు కొండలు మొదలుగా పెక్కు తావులలో గుడారములు వేసి, చూచిన పక్షులను, అవి గూడుకట్టు కాలమును, తిను ఆహారమును వ్రాసికొనెను. తెలంగాణ నేలపై పక్షిశాస్త్రమునకు పునాది వేసిన పని స్వచ్ఛందసేవగానే జరిగినదని ఇందువలన మనకు తెలియుచున్నది.

ఇక తీరమునకు పోదము. 19వ శతాబ్ది నడిమి కాలములో నెల్లూరిలో సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్ అను దొర పక్షులను గూర్చి పెద్ద గ్రంథములు వ్రాసెను. 1862-64 నడుమ వెలువడిన ఆయన 'భారతదేశపు పక్షులు' అను గ్రంథములో పెక్కు పక్షులకు తెలుగు పేర్లు కూడ చేర్చబడినవి. నెల్లూరు ప్రాంతపు యానాదులనుండి ఆయన ప్రకృతికి సంబంధించిన విషయములు ఎన్నియో సంగ్రహించెను. చిత్తడినేలలందును, అడవులందును తిరిగి బ్రదుకు యానాదులకు ఏ పక్షి ఎప్పుడు వచ్చునో, ఎక్కడ గ్రుడ్లు పెట్టునో చెప్పుటకు పుస్తకములతో పనిలేదు. దొర గ్రంథమునకు కీర్తి వచ్చినది. దానికి ఆధారమైన వారిలో అనేకుల పేర్లు మాత్రము ఎక్కడను నిలువలేదు.

ఆ జెర్డనే కర్ణాటక సీమలో ఒక వింతను చూచినట్లు వ్రాసియున్నాడు. ఒక ఊరి నడుమ, అంత ఎత్తులేని చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొని, క్రింద మనుష్యులు తిరుగుచున్నను లెక్కచేయక కాపురముండెనట. అవి తరతరములుగా అట్లే వచ్చుచున్నవని ఊరివారు ఆయనతో చెప్పిరి. గూడబాతు అనగా ముక్కు క్రింద సంచి వ్రేలాడు పెద్ద నీటిపక్షి, ఆంగ్లేయులు పెలికాన్ అనునది. నాలుగు మొదలు ఆరు కిలోల వరకు తూగును. అంత పెద్ద పక్షి అడవులను విడిచి మనిషి పెరటి చెట్టును ఎన్నుకొనుటలో గొప్ప అర్థమున్నది. గ్రద్దలనుండి, పిల్లులనుండి, వేటగాండ్రనుండి తన పిల్లలకు రక్షణ ఊరి నడుమనే దొరకునని దానికి అనుభవమువలన తెలిసియుండవలెను. నమ్మకము ఒకనాటిలో కలుగునది కాదు. ఊరివారు ఎన్ని తరములు రాయి విసరకుండిరో, ఎన్ని పర్యాయములు పిల్లల చేతిలోని వడిసెలను లాగికొనిరో, అంత కూడిక అది.

ఊరివారి ఈ కాపలాకు ఒక ప్రాచీనమైన కాగితపు సాక్ష్యము చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగళ్ లో దొరకుచున్నది. 18వ శతాబ్ది చివర ఆ జిల్లాకు లయొనెల్ ప్లేస్ అనునతడు కలెక్టరుగా ఉండెను. సిపాయిలు వచ్చి తమ చెరువులోని పక్షులను కాల్చుచున్నారని ఊరివారు ఆయనతో మొర పెట్టుకొనిరి. ఆ పక్షులను ఎవరును బాధింపరాదని కలెక్టరు వారికి ఒక కౌలు పత్రము వ్రాసి ఇచ్చెను. 1858లో ఆ హక్కు మరల ధ్రువపడినది. 1936లో అది అభయారణ్యముగా గుర్తింపబడినది. ఊరివారి పట్టుదలకు కారణము కేవలము దయ కాదు. వేలకొలది పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు పారినప్పుడు అది ఎరువు కూడ అగుచుండెను. రైతు పక్షికి చెట్టునిచ్చెను. పక్షి రైతునకు పంటనిచ్చెను. ఇందులో ధర్మము, లాభము కలిసి నడచినవి. ధర్మమొక్కటే అయినచో కరవునాడు సడలిపోవచ్చును. లాభమొక్కటే అయినచో అధిక లాభము చూపినవానికి లొంగిపోవచ్చును. రెండును పెనవైచికొన్న త్రాడు గట్టిది.

ఇదే కాలమునకు కొంత వెనుకగా పాశ్చాత్య దేశములలో పక్షులకు ఒక ఘోరమైన ఆపద వచ్చినది. దొరసానుల టోపీలకు ఈకలు పెట్టుట వేడుకయైనది. గూడుకట్టు కాలములో కొంగలకు మొలచు సుకుమారమైన ఈకలకే గిరాకీ ఎక్కువగుటచే, పిల్లలు గూటిలోనుండగనే తల్లులను చంపుచుండిరి. ఈ దురాచారమును ఖండించుచు 1889లో ఇంగ్లండులోని కొందరు స్త్రీలు ఒక సంఘము స్థాపించిరి. నేటి రాయల్ పక్షిరక్షణ సంఘమునకు అదియే మూలము. మన దేశమునుండి అడవిపక్షుల ఈకల ఎగుమతిని 1902లో ప్రభుత్వము నిషేధించినది. మరుసటి సంవత్సరము, అనగా 1903 మార్చి 14వ తేదీన, అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ఫ్లారిడా తీరమందలి పెలికాన్ ద్వీపమును పక్షులకు శరణాలయముగా ప్రకటించెను. అచ్చటి మొదటి కాపరి పాల్ క్రోగెల్ అను పడవలు చేయు జర్మను వలసదారుడు. అంతకు పూర్వమునుండియు ఆతడు తన యిష్టముచేతనే పడవ వేసికొనిపోయి ఆ గూడబాతులకు కాపలా కాయుచుండెను. కాపరిపదవి ఇచ్చిన తరువాత ఆతని జీతము నెలకు ఒక్క డాలరు. దానిని కూడ మొదట ప్రభుత్వ ఖజానా ఇవ్వలేదు, పక్షిప్రియుల సంఘము భరించినది. నేడు ఆ దేశమున ఐదువందలకు పైగా ఉన్న జాతీయ శరణాలయములు ఆ ఒక్క కాపరి వెనుక నడచివచ్చినవే.

మన తీరమునకు మరల వత్తము. కాపరి లేనిచోట ఏమగునో కొల్లేరు చెప్పును. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సు ప్రాంతమున గూడబాతుల పెద్ద స్థావరమున్నదని 1946లో కె.కె. నీలకంఠన్ అను కేరళీయ ప్రకృతి పరిశీలకుడు కనుగొని లోకమునకు వెల్లడించెను. సుమారు మూడువేల పక్షులు అచ్చట గూళ్లు కట్టుచుండెను. అయినను 1974 నాటికి ఆ గూళ్లు శూన్యమైనవి. తరువాతి దశాబ్దములలో సరస్సు గర్భమంతయు చేపలచెరువుల గట్లతో నిండిపోయినది. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల జాబితాలో, అనగా 1971లో ఇరాను దేశపు రాంసర్ పట్టణమున కుదిరిన ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో అక్రమమైన గట్లను కూల్చిరి. ఆ కూల్చివేతలో చేపల పెంపకముపై ఆధారపడిన పేదకుటుంబములు ఎదుర్కొన్న కష్టము తక్కువది కాదు. కాని కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు మరల స్థిరపడినవి. చెట్లు చాలనందున నీటిలో ఇనుపస్తంభములు నాటి, వానిపై చట్రములు అమర్చగా, పక్షులు వానినే చెట్లనుకొని గూళ్లు కట్టుకొన్నవి. పడవలపై వచ్చి చూచువారికి అది నేడొక వినోదము. చెట్టును పోగొట్టుకొన్నపిమ్మట ఇనుమును నాటవలసివచ్చుట మాత్రము ఆలోచింపదగిన విషయము.

ఇక నేలపట్టు. పూర్వపు నెల్లూరు జిల్లాలో, సూళ్లూరుపేటకు ఉత్తరముగా, మద్రాసుకు పోవు రాజమార్గమునకు సమీపముననే ఈ చిన్న ఊరున్నది. దాని చెరువులో నీటిలో నిలిచియే పెరుగు కడప చెట్లు గుంపులు గుంపులుగా ఉన్నవి. ఈశాన్య ఋతుపవనములు వర్షించి చెరువు నిండగనే, అక్టోబరు మొదలుకొని గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు వచ్చి ఆ చెట్లపై గూళ్లు అల్లుకొనును. గూడబాతు మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. సుమారు నెలదినములు పొదిగిన తరువాత పిల్లలు వెలువడును. ఆ పిల్లలు రెక్కలు వచ్చి స్వతంత్రముగా ఎగురుటకు ఇంకను కొన్ని నెలలు పట్టును. వానికి కావలసిన చేపలను తల్లిదండ్రులు దగ్గరనున్న పులికాట్ సరస్సునుండియు, చుట్టుప్రక్కల చెరువులనుండియు తెచ్చిపెట్టును. కావున నేలపట్టు పురిటిగది అయినచో పులికాట్ వంటయిల్లు అనవచ్చును. ఒకటి లేక రెండవది నిలువదు. కర్ణాటకమందలి కొక్కరెబెళ్లూరు గ్రామస్థులు తమ ఊరికి వచ్చు గూడబాతులను పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడబిడ్డలుగా భావింతురని చెప్పుదురు. ఆ మాట నేలపట్టునకును చక్కగా అన్వయించును.

పులికాట్ మన దేశమందలి ఉప్పునీటి కయ్యలలో ఒడిసాలోని చిలికా తరువాత రెండవది. శ్రీహరికోట దీవి దానికిని బంగాళాఖాతమునకును నడుమ గోడవలె నిలిచియున్నది. దక్షిణపు కొనను డచ్చివారు 1613లో గెల్డ్రియా అను కోట కట్టి బట్టల వ్యాపారము చేసిరి. 1969లో శ్రీహరికోట రాకెట్టు కేంద్రమునకై ఎన్నిక కాబడి, 1971లో మొదటి ప్రయోగమునకు వేదికైనది. సూళ్లూరుపేటనుండి ఆ దీవికి పోవు మార్గము సరస్సును చీల్చికొని పోవును. చలికాలమున ఆ మార్గమునకు ఇరుప్రక్కలను లోతులేని నీటిలో గులాబిరంగు రెక్కల ఫ్లెమింగోలు, మనవారు రాజహంసలని పిలుచునవి, వరుసలు తీరి నిలుచును. తలను తలక్రిందులు చేసి, వంపుముక్కుతో బురదనీటిని వడగట్టి, సూక్ష్మమైన నాచును, చిన్నరొయ్యలను తినును. ఆ ఆహారములోని రంగుపదార్థమే రెక్కలకు గులాబివన్నె తెచ్చుచున్నది. అనగా నీరు చెడినచో తిండి తగ్గుటయే కాదు, హంస రంగు కూడ వెలవెలబోవును.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. దానిననుసరించి 1976లో నేలపట్టును, పులికాట్ సరస్సుయొక్క ఆంధ్రభాగమును అభయారణ్యములుగా ప్రకటించిరి. నేలపట్టు విస్తీర్ణము సుమారు 459 హెక్టార్లు మాత్రమే. తరతరములుగా ఊరివారు మాటమీద నిలిపిన కాపలాకు ఇట్లు ప్రభుత్వపు ముద్ర పడినది. అది లాభమే. కాని చట్టము రాగానే ఒక చిక్కు కూడ వచ్చును. నిన్నటివరకు ఆ నీటిలో వల వేసికొన్న జాలరి నేడు నిబంధనలను చూచి వెనుకాడవలెను. పులికాట్ జాలరులలో పాడు అను పాతకట్టుబాటు ఉన్నది. మంచి వేటపట్టులను ఏ కుటుంబమువారు ఏ దినమున వాడుకొనవలెనో వంతులు వేసికొని, ఒకరి అన్నములో ఒకరు చేయి పెట్టకుండ నడచుకొను పద్ధతి అది. సరస్సును ఇట్లు మితముగా వాడుకొనుట ఎరిగినవారిని దానికి శత్రువులనుగా చూచుట న్యాయము కాదు. సముద్రపు ముఖద్వారములు ఇసుకతో పూడినప్పుడు ముందుగా కష్టపడువాడు జాలరి. తరువాత కష్టపడునది పక్షి. ఇరువురి కష్టమును ఒకటే.

ఇక సందర్శకుల సంగతి. అభయారణ్యములోనికి ప్రజలను రానీయవచ్చునా అను ప్రశ్నకు చట్టమే సమాధానము చెప్పినది. పరిశోధన, ఛాయాచిత్రములు, విహారయాత్ర మొదలగు పనులకు అనుమతిపై లోపలికి పోవచ్చునని 28వ సెక్షను తెలుపుచున్నది. అయితే రానిచ్చుట వేరు, చూపుట వేరు. చూపుట ఒక విద్య. ఈ విద్యలో గొప్ప ప్రయోగము 1946లో ఇంగ్లండులో సెవర్న్ నదీముఖము దగ్గర స్లింబ్రిడ్జి అను చోట జరిగినది. చిత్రకారుడైన పీటర్ స్కాట్ అచ్చట నీటిపక్షులకు ఒక కేంద్రము నెలకొల్పి, తొలినుండియు ప్రజలకు తలుపులు తెరచి ఉంచెను. పక్షులను బోనులో పెట్టి మనిషిని స్వేచ్ఛగా తిప్పుట జంతుప్రదర్శనశాల పద్ధతి. ఆతడు అడవిపక్షుల విషయమున దీనిని తలక్రిందులు చేసెను. సందర్శకులు మరుగుగానున్న గుడిసెలలో కూర్చుండి, సన్నని కిటికీలనుండి చూతురు. పక్షులు బయట నిర్భయముగా తిరుగును. బోనులోనున్నది మనిషి, స్వేచ్ఛగా ఉన్నది పక్షి.

నేలపట్టులో చెరువుగట్టు పొడవున నిలిపిన పరిశీలన గోపురములు ఈ సూత్రమునకు సరిపోవునవే. ఎత్తున నిలుచుండి దుర్భిణితో చూచినచో గూటిలోని పిల్ల నోరుతెరచుట సైతము కనబడును; గూటిదగ్గరకు పోవలసిన అగత్యము లేదు. అచ్చటనే పర్యావరణ విద్యాకేంద్రము, ప్రదర్శనశాల, గ్రంథాలయము ఉన్నవి. 1991లో సుప్రీముకోర్టు పర్యావరణ విద్యను బడులలో విధిగా బోధించవలెనని ఆదేశించినది. పాఠమును పుస్తకములోనే చెప్పి ఊరకున్న బడికిని, పిల్లలను ఒకనాడు నేలపట్టునకో పోచారమునకో తీసికొనిపోయిన బడికిని భేదము ఎంతయో ఉన్నది. గూడబాతు తన పిల్లకొరకు ఎన్నిమార్లు పోయి వచ్చునో గంటసేపు లెక్కపెట్టిన బాలుడు పెద్దవాడైనను ఆ లెక్కను మరువడు.

2001 నుండి సూళ్లూరుపేట కేంద్రముగా ఫ్లెమింగో ఉత్సవము జరుపుట మొదలైనది. సాధారణముగా జనవరిలో మూడుదినములు సాగు ఈ ఉత్సవములో నేలపట్టులో పక్షుల సందర్శనము, భీములవారిపాలెము దగ్గర పడవ విహారము, సూళ్లూరుపేటలో ఆటపాటలు, ప్రదర్శనలు ఉండును. కొన్ని సంవత్సరముల విరామము తరువాత 2025 జనవరిలో మరల వైభవముగా జరిగినది. ఇట్టి ఉత్సవములవలన చిన్న వ్యాపారులకు నాలుగు డబ్బులు వచ్చును. పక్షులను ఎన్నడు తలపోయనివారు కూడ బయలుదేరి వచ్చెదరు. ఇది మేలే. కాని ఉత్సవమునకు ప్రాణము సందడి. గూటికి ప్రాణము నిశ్శబ్దము. ఈ రెండును ఒకే దినమున, ఒకే చోట పొసగవు. పాటకచ్చేరి పట్టణములో జరిగి, చెరువుగట్టున మౌనము పాటింపబడినప్పుడే ఆ ఉత్సవము పేరునకు తగినదగును. బెదరిన తల్లి గూడు విడిచి పావుగంట ఎగిరినచో, ఆ పావుగంటలో ఎండకు గ్రుడ్డు మాడవచ్చును, కాకి పిల్లను ఎత్తుకొనిపోవచ్చును. సందర్శకుడు ఆ సంగతి తెలియకయే ఇంటికి పోవును. కనుకనే ఎంతమంది వచ్చిరన్న లెక్క ఒక్కటియే జయమునకు కొలత కాజాలదు. వచ్చినవారు పోయిన తరువాత ఎన్ని పిల్లలు రెక్కలు సాచెనన్నది అసలైన కొలత.

ఇక్కడనే స్వచ్ఛందసేవకుని అవసరము కలుగుచున్నది. అటవీశాఖవారి కాపరులు కొలదిమంది, జనము వేలమంది. నడుమ నిలిచి, దారి చూపి, మాట తగ్గింపుమని మర్యాదగా చెప్పి, ఏ పక్షి ఏదియో వివరించువాడు కావలెను. మన తెలుగునాట ఇట్టి సేవకు మంచి సంప్రదాయమే ఉన్నది. 1980లో హైదరాబాదులో ఏర్పడిన పక్షి పరిశీలకుల సంఘము సభ్యులను చెరువులకు, అడవులకు తీసికొనిపోయి చూచుట నేర్పినది. నేడది డెక్కన్ బర్డర్స్ అను పేర నడచుచున్నది. 1987 నుండి ఏటా జనవరిలో ఆసియాలోని పెక్కు దేశములలో నీటిపక్షుల గణన జరుగుచున్నది. దానిలో లెక్కించువారు అధికభాగము స్వచ్ఛందముగా వచ్చినవారే. ఒక చెరువుగట్టున ఒకడు ప్రొద్దుననే చలిలో నిలిచి వ్రాసిన అంకెలు, వేలచెరువుల అంకెలతో కలిసి, ఏ జాతి తగ్గుచున్నదో, ఏది పెరుగుచున్నదో లోకమునకు తెలుపును. మద్రాసు తీరమున 1988లో విద్యార్థులు సముద్రపు తాబేళ్ల రక్షణకై ఒక సంఘముగా ఏర్పడిరి. వారు జనవరినుండి రాత్రివేళల ఇసుకపై మైళ్లకొలది నడచి, తాబేలు పెట్టిన గ్రుడ్లను సురక్షితమైన చోటికి చేర్చుదురు. నలువది ఐదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడగనే కడలిలో విడిచెదరు. చూడగోరు పౌరులను తమ వెంట నడిపించుకొని పోయెదరు. వీధిదీపముల వెలుగును చూచి తాబేటిపిల్లలు దారి తప్పునని ఆ నడకలో తెలిసికొన్న గృహస్థుడు తన మేడమీది దీపమును ఆర్పుట నేర్చుకొనును. సందర్శన కార్యక్రమమునకు ఇంతకంటె గొప్ప ఫలము మరియొకటి లేదు.

చదువు లేనివాడు ఈ సేవకు పనికిరాడని ఎవరైన తలచినచో అది పొరపాటు. జెర్డన్ కనుగొనగా 1848లో మొదట వర్ణింపబడిన కలివికోడి అను పక్షి 20వ శతాబ్ది ఆరంభము తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదనియే పండితులు అనుకొనిరి. 1986లో కడప జిల్లా అడవులలో అది మరల దొరకినది. బొంబాయి సంఘపు శాస్త్రజ్ఞులు వెదకుచుండగా, దానిని రాత్రివేళ పట్టి చూపినవాడు ఆ అడవులెరిగిన ఒక స్థానికుడు. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురములోను, ఇచ్ఛాపురము దగ్గరి తేలుకుంచిలోను పక్షులు ఊరి చెట్లపైననే గూళ్లు కట్టును. అవి వచ్చుట శుభమని గ్రామస్థుల విశ్వాసము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ జిల్లాను అతలాకుతలము చేసి చెట్లను కూల్చినది. మనుష్యుల కొంపలతోపాటు పక్షుల కొంపలును పోయినవి. అయినను ఊరివారి విశ్వాసము పోలేదు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులోను పక్షులకై కృత్రిమముగా నిలిపిన చెట్లు ఉన్నవి. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులలో, 1978లో అభయారణ్యమైన చోట, స్థానిక గ్రామముల వనసంరక్షణ సమితులవారు సందర్శకులకు కొయ్యబాటలమీద దారి చూపుట ఆరంభించిరి. 1839 తుపానులో కొట్టుకొనిపోయిన కోరంగి రేవు గాథ వినుచు, ఉప్పుబురదలో ఊపిరివేళ్లను నిటారుగా సాచిన మడచెట్లను చూచినవానికి, తీరమునకు ఆ చెట్లెందులకో ఎవరును వేరుగా బోధింపనక్కరలేదు.

ఈ చరిత్రనంతయు కలిపి చూచినచో ఒక సత్యము స్ఫుటపడుచున్నది. పక్షుల ఊళ్లకు మొదటి కాపరులు స్వచ్ఛందసేవకులే. చట్టము వారి వెనుక వచ్చినది. సందర్శకులు ఆ పిమ్మట వచ్చిరి. తరువాత వచ్చినవారు ముందున్నవారిని త్రోసిరాజన్నప్పుడు పక్షికి ఆపద కలుగును. టిక్కెట్టు డబ్బులో ఊరికి భాగము లేక, పడవ నడుపుటలో జాలరికి పని లేక, వివరించుటలో యానాదికి గౌరవము లేక, కేవలము బయటివారి వినోదమునకై ఒక కేంద్రము నడచినచో, ఊరివాడు ఒకనాడు ఆ పక్షి తనది కాదని ఊరకుండును. ఆ ఊరకుండుటకంటె తుపాకి నయము. తుపాకి ఒక పక్షిని చంపును. ఉపేక్ష ఊరినే ఖాళీ చేయును. ఇట్టి ప్రమాదమును గుర్తించియే 2002 నాటి చట్టసవరణలో, ప్రజలు తమ భూములను తామే ముందుకు వచ్చి వన్యప్రాణులకై కాపాడుకొనుటకు సామాజిక రక్షిత ప్రాంతములను ప్రకటించు వీలు కల్పించిరి. ఊరివాని కాపలాకు చట్టము ఆలస్యముగా చేసిన నమస్కారము అది.

ఇక మనవంతు ఏమి? పోచారమునకో నేలపట్టునకో పోవువారు తెల్లవారుజామున పోవుట మేలు. పక్షులు అప్పుడు చురుకుగా ఉండును, జనము తక్కువగా ఉందురు. మెరయు రంగుల బట్టలు కట్టకుండుట, గట్టిగా మాటలాడకుండుట, తినుబండారములు విసరకుండుట, ప్లాస్టిక్ సంచిని వెనుకకు తెచ్చుకొనుట, గూటి సమీపమునకు పోకుండుట, ఇవి పెద్ద నియమములు కావు. అతిథిగా పోయినవాడు గృహస్థుని పడకగదిలోనికి తొంగిచూడడు కదా! ఊరిలోని వడ్డించువానిచేతనే భోజనము చేయుడు, ఊరి పడవవానికే కూలి ఇండు, ఊరి పెద్దనే అడిగి పక్షి పేరు తెలిసికొనుడు. ఇంకను ఓపిక గలవారు జనవరి గణనలో ఒక చెరువును తమదిగా స్వీకరింపవచ్చును. సదాశివనగరములోని ఉపాధ్యాయుడొకడు తన విద్యార్థులతో ఏటా ఒకే దినమున, ఒకే గట్టున నిలిచి పక్షులను లెక్కించి ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచినచో, పదేండ్లకు అది ఒక శాస్త్రగ్రంథమునకు తీసిపోని సాక్ష్యమగును. దానికి కావలసినది ఒక దుర్భిణి, ఒక పుస్తకము, కొంత నిలుకడ.

హిమాలయములను దాటి వచ్చు పెద్దబాతునకు జిల్లాల సరిహద్దులు తెలియవు. పోచారము ఎవరిదో, పులికాట్ ఎవరిదో అది ఎరుగదు. దిగిన చోట నీరున్నదా, రాయి పడదా అను రెండు మాటలే దానికి కావలసినవి. ఈ రెండు మాటలకు హామీ ఈయవలసినది గట్టుమీద నిలిచిన మనమే.